విప్పి కట్టిన ఇల్లు

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఒక పాత ఇంటిని రాయి రాయి విప్పేసి, ప్రతి రాయికీ ఒక నంబర్ వేసి, పదిహేనేళ్లకు పైగా దాచిపెట్టి, ఆ తర్వాత ఊరికి ఇంకో చివర సముద్రం ఒడ్డున అదే రాళ్లతో మళ్లీ కడితే, అది పాత ఇల్లేనా? కొత్త ఇల్లా?

హాస్టల్లో మా రూంలో అడిగి చూశాను. సివిల్ వాడు "కొత్త ఫౌండేషన్ వేశారంటే కొత్త బిల్డింగే" అన్నాడు. మెకానికల్ వాడు "పార్టులు అవే కదా, బండి కూడా అదే" అన్నాడు. మూడో వాడు "రేపు ఇంటర్నల్ ఉంది, లైట్ ఆపు" అన్నాడు.

నా జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు ఒప్పుకోవచ్చు, తిట్టుకోవచ్చు. అది పాత ఇల్లే, కానీ సగం. మిగతా సగం పాత చోటే ఉండిపోతుంది. ఆ సగం ఏమిటో రాసి, కొత్త ఇంటి పక్కనే పెడితే ఇంటిని కాపాడినట్టు. రాయకపోతే మనం కాపాడింది రాళ్లని మాత్రమే.

ఆ ఇంటి పేరు మర్రే హౌస్. ఊరు హాంకాంగ్. బ్రిటిష్ వాళ్లు ఆ ద్వీపాన్ని చేతిలోకి తీసుకున్న కొత్తలో, 1840లలో, సైన్యంలో ఆఫీసర్లు ఉండటానికి కట్టిన బంగ్లా అది. బ్రిటన్‌లో ఆయుధాల శాఖకు పెద్దగా ఉన్న సర్ జార్జ్ మర్రే పేరు పెట్టారు. మూడు అంతస్తులు. కింద మందమైన రాతి గోడలు, బరువు మొయ్యడానికి. పైన గ్రీకు పద్ధతి స్తంభాలు, మధ్యలోంచి గాలి ఆడటానికి. నాలుగు వైపులా వరండాలు. ఫ్యాన్లు లేని కాలంలో ఉక్కపోతకు వాళ్లు చేసుకున్న ఏర్పాటు అదే. మన దగ్గర పాత కలెక్టర్ బంగ్లాలు చూసినవాళ్లకి ఈ ప్లాన్ కొత్తగా అనిపించదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కట్టినప్పుడు ఆ ఇల్లు దాదాపు సముద్రం పక్కనే ఉండేది. సెంట్రల్ అనే ఆ ఏరియాలో అప్పటి తీరం ఇంచుమించు క్వీన్స్ రోడ్ వెంట ఉండేది. తర్వాత వందేళ్లకు పైగా హాంకాంగ్ వాళ్లు సముద్రంలో మట్టి పోస్తూ, నేల పెంచుకుంటూ పోయారు. ఇల్లు ఉన్నచోటే ఉంది, సముద్రమే దూరం జరిగింది. అంటే ఎవరూ ఒక్క రాయి కూడా కదపకముందే ఆ ఇంటి చుట్టూ ఉన్నదంతా మారిపోయింది. "పాత చోట ఉంటే చాలు, చరిత్ర భద్రం" అనేవాళ్లు ఈ విషయం కూడా గుర్తుపెట్టుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ హాంకాంగ్‌ను మూడు సంవత్సరాల ఎనిమిది నెలలు ఆక్రమించింది. అప్పుడు ఈ ఇల్లు జపాన్ మిలిటరీ పోలీసుల చేతికి వెళ్లింది. అక్కడ మనుషుల్ని చంపారని జనం చెప్పుకునేవాళ్లు. యుద్ధం అయ్యాక అందులో ప్రభుత్వ ఆఫీసులు పెట్టారు. రాత్రిపూట అక్కడ ఏవో శబ్దాలు వస్తున్నాయని ఉద్యోగులు భయపడ్డారు. చివరికి 1963లో ఒకసారి, 1974లో ఇంకోసారి ప్రభుత్వ ఆఫీసులో, ప్రభుత్వం అనుమతితోనే దయ్యాలకి శాంతి పూజలు చేయించారు. నేను దయ్యాల్ని నమ్మను. కానీ ఆ పూజలు నాకు చాలా ముఖ్యమైన విషయం అనిపిస్తాయి. తమ ఊళ్లో ఏం జరిగిందో జనం మర్చిపోలేదని వాటి అర్థం. ఆ చోటుకీ ఆ జ్ఞాపకానికీ ముడి పడి ఉంది.

1982లో ఆ ముడి విప్పేశారు. సెంట్రల్‌లో భూమి రేటు ఆకాశంలో ఉంది. ఆ స్థలంలో బ్యాంక్ ఆఫ్ చైనా టవర్ రావాలి. ఐ. ఎం. పే డిజైన్ చేసిన 72 అంతస్తుల టవర్, ఇప్పుడు హాంకాంగ్ ఫొటోల్లో త్రికోణాల గాజు బిల్డింగ్‌గా మనందరం చూసేదే. మర్రే హౌస్‌ని మాత్రం బుల్డోజర్‌తో కూల్చలేదు. 3,000కి పైగా రాళ్లని ఒక్కొక్కటిగా విప్పి, లేబుల్ వేసి, లిస్ట్ రాసి, తై తామ్ అనే చోట నిల్వ చేశారు. కొన్నేళ్లపాటు ఆ ఇల్లు ఒక ఇన్వెంటరీ లిస్ట్‌గా బతికింది. 1990లో హౌసింగ్ శాఖ వాళ్లు ద్వీపానికి దక్షిణాన, స్టాన్లీలో కట్టే కాలనీ పక్కన దాన్ని మళ్లీ నిలబెడదాం అని ప్రతిపాదించారు. ఆ దశాబ్దం చివరికి ఇల్లు మళ్లీ లేచింది. ఈసారి నిజంగానే సముద్రం ఒడ్డున.

ఇంజినీరింగ్ చదివేవాళ్లుగా మనం ముందు ఒక దండం పెట్టాలి. ఒక బైక్ ఇంజిన్ విప్పి మళ్లీ బిగిస్తేనే రెండు నట్లు మిగిలిపోతాయి. 3,000 రాళ్లు విప్పి, ఏళ్ల తర్వాత వేరేవాళ్లు తిరిగి పేర్చడం చిన్న విషయం కాదు. అది సాధ్యమైంది ఎవరో ఓపిగ్గా రాసిన రికార్డు వల్ల.

కానీ ఆ లిస్ట్‌లో ఏం లేదో కూడా చూడాలి. రాయికి నంబర్ ఉంది. 1963 పూజకి నంబర్ లేదు. ఆ వరండాలోంచి కనిపించే వీధికి, కింద నడిచిన జనానికి నంబర్ లేదు. మనం ఒక ఫైల్‌ని ఇంకో ఫోల్డర్‌కి మారిస్తే ఏమవుతుంది? ఫైల్ చెక్కుచెదరదు, ఒక్క అక్షరం కూడా పోదు. కానీ దాన్నుంచి పక్క ఫైళ్లకి ఇచ్చిన లింకులన్నీ తెగిపోతాయి. ప్రోగ్రాం రన్ చేస్తే ఎర్రర్ వస్తుంది. ఇంటికి ఎర్రర్ మెసేజ్ రాదు, అదే తేడా. అందుకే అంతా బాగానే ఉంది అనుకుంటాం.

బాగోలేదని ఎలా చెప్తున్నానంటే, స్టాన్లీకి తన యుద్ధ చరిత్ర తనకి వేరే ఉంది. జపాన్ వాళ్లు బ్రిటిష్ పౌరుల్నీ, ఇంకొన్ని దేశాలవాళ్లనీ పెట్టిన నిర్బంధ శిబిరం స్టాన్లీలోనే ఉండేది. ఇప్పుడు టూరిస్ట్ ఒకాయన బస్సు దిగి, 1840ల నాటి బంగ్లా చూసి, స్టాన్లీ యుద్ధ కథ ఎక్కడో విని, రెండూ కలిపేసుకుంటే తప్పు ఆయనది కాదు. ఒక చోటి జ్ఞాపకాన్ని పీకి ఇంకో చోటి జ్ఞాపకం మీద నాటితే అలాగే అవుతుంది.

ఇంట్లోకి ఏం వచ్చాయో కూడా వినండి. రెస్టారెంట్లు వచ్చాయి. 2005లో హాంకాంగ్ మారిటైమ్ మ్యూజియం వచ్చింది. 2013లో ఆ మ్యూజియం ఎక్కడికి వెళ్లిపోయిందో తెలుసా? సెంట్రల్‌లోని ఫెర్రీ పియర్‌కి! ఇల్లు ఏ ఏరియా నుంచి వచ్చిందో అదే ఏరియాకి. మ్యూజియం పోయాక ఇంట్లో ఒక పెద్ద బట్టల షోరూం తెరిచారు. మర్రే హౌస్ పక్కన సముద్రంలోకి ఒక రేవు ఉంటుంది. దాని ఇనుప కప్పు కూడా సెంట్రల్‌లోని పాత బ్లేక్ పియర్‌దే. 1960లలో దాన్ని తీసి కౌలూన్‌లో ఒక పార్కులో పెట్టారు. మళ్లీ 2006లో అక్కణ్ణించి తీసి ఇక్కడ పెట్టారు. సెంట్రల్ నుంచి వెళ్లగొట్టిన రెండు పాత కట్టడాలు ఊరి ఇంకో చివర పక్కపక్కన ఇరుగుపొరుగుగా ఉన్నాయి.

ఇప్పుడు అసలు వాదన. హాంకాంగ్‌లో చారిత్రక కట్టడాలకి గ్రేడ్లు ఇస్తారు. మర్రే హౌస్‌ది గ్రేడ్ 1. స్టాన్లీకి మారాక ఆ గ్రేడ్ తీసేశారు. చోటు మారింది కాబట్టి ఇక ఇది అదే వారసత్వ కట్టడం కాదని. చాలామందికి ఇది అన్యాయం అనిపిస్తుంది. ఇంత కష్టపడి నిలబెడితే ఉన్న డిగ్రీ లాగేసుకున్నట్టుంది కదా.

నాకు మాత్రం అది నిజాయితీగా చేసిన పని అనిపిస్తుంది. 1964 నాటి వెనిస్ చార్టర్ అని ఒకటుంది, పాత కట్టడాల్ని ఎలా చూసుకోవాలో చెప్పే అంతర్జాతీయ ఒప్పందం. ఒక కట్టడాన్ని దాని చరిత్ర నుంచీ, దాని చోటు నుంచీ విడదియ్యలేం, దాన్ని కాపాడటానికి ఇంకో దారి లేనప్పుడో, చాలా పెద్ద ప్రజా అవసరం ఉన్నప్పుడో తప్ప కదపకూడదు అని అందులో ఉంది. అదే ఏళ్లలో ఈజిప్టులో అబూ సింబెల్ గుడిని అస్వాన్ డ్యాం నీళ్లలో మునగకుండా కోసి, పైకి జరిపారు. అక్కడ వేరే దారి లేదు. హాంకాంగ్‌లో వస్తున్నది వరద కాదు, ఒక టవర్. ఈ రెండింటికీ ఒకే మార్కులు వెయ్యకూడదు.

గ్రేడ్ తియ్యకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించండి. ప్రతి బిల్డర్‌కీ ఒక దారి దొరుకుతుంది. "కూల్చట్లేదు సార్, షిఫ్ట్ చేస్తున్నాం" అంటాడు. ఇది నా ఊహ కాదు. అదే హాంకాంగ్‌లో 2007లో క్వీన్స్ పియర్ అనే రేవు మీద పెద్ద గొడవ జరిగింది. దాన్ని తీసెయ్యొద్దని కుర్రాళ్లు అక్కడే కూర్చున్నారు, నిరాహార దీక్షలు చేశారు. దానికీ గ్రేడ్ 1 ఇచ్చారు. అయినా ఆగలేదు. విప్పి భద్రంగా పెడతాం, తర్వాత కడతాం అన్నారు. 2008 నాటికి విప్పేశారు. పదిహేనేళ్లు దాటినా ముక్కలు ముక్కలుగానే ఉంది. "తర్వాత కడతాం" అన్న మాటకి ఎక్స్‌పైరీ డేట్ రాయకపోతే, అది మన ప్రాజెక్ట్ రిపోర్టుల్లో "ఫ్యూచర్ స్కోప్" లాంటిదే. అందరం రాస్తాం, ఎవరం చెయ్యం.

గ్రేడ్ తియ్యడం వరకు సరే. అక్కడితో ఆగిపోవడం మాత్రం సరి కాదు. "పాతది" "కొత్తది" అని రెండే గడులు పెడితే మర్రే హౌస్ ఎటూ కాకుండా పోతుంది. నన్నడిగితే మూడో గడి ఒకటి ఉండాలి, "తరలించినది" అని. ఆ గడిలో చేరాలంటే ఒకటే షరతు. ఎక్కడి నుంచి, ఎందుకు, ఎవరి కోసం తెచ్చారు, తెచ్చేటప్పుడు ఏం పోయింది, ఇవన్నీ గుమ్మం ముందు పెద్ద అక్షరాల్లో రాసి ఉండాలి. పాత చోట కూడా ఒక బోర్డు ఉండాలి, "ఇక్కడ ఒక ఇల్లుండేది" అని. షోరూం ఉన్నా నాకు అభ్యంతరం లేదు. బట్టలు కొనుక్కోవడానికి వచ్చినవాడైనా ఆ నాలుగు లైన్లు చదువుతాడు.

ఇదంతా హాంకాంగ్ గొడవ, మనకెందుకు అంటారా? ఈ విప్పి కట్టే పనిలో మనకి వాళ్లకంటే ముందే అనుభవం ఉంది.

నాగార్జునసాగర్‌కి 1955లో శంకుస్థాపన జరిగింది. డ్యాం పూర్తయితే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయంతా మునిగిపోతుంది. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ వాళ్లు ఆ లోయలో తవ్వకాలు చేశారు. దొరికినవాటిలో కొన్ని కట్టడాల్ని కొండ మీదికి ఎక్కించారు. నీళ్లొచ్చాక ఆ కొండే ద్వీపం అయింది. ఇంకొన్ని అనుపుకి తెచ్చారు. స్కూల్లో ఎక్స్‌కర్షన్‌కి వెళ్లినప్పుడు మనలో చాలామంది ఆ మెట్ల మీద ఫొటోలు దిగినవాళ్లమే. ఒకప్పుడు లోయలో కృష్ణ పక్కన ఉండిన స్నానఘట్టం ఇప్పుడు కొండ మీద ఉంది, దాని అసలు చోటు నీళ్ల కింద ఉంది.

శ్రీశైలం ప్రాజెక్టప్పుడు కూడా అంతే. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లిలో చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. దాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. గుడి అందంగా నిలబడింది, శిల్పాలు చెక్కుచెదరలేదు. కానీ పేరు చూడండి. సంగమేశ్వరుడు అంటే నదులు కలిసే చోటి దేవుడు. దేవుడు ఒడ్డుకి వచ్చేశాడు, సంగమం అక్కడే ఉండిపోయింది. మర్రే హౌస్ గురించి పేజీలు పేజీలు చెప్పే విషయం ఈ ఒక్క పేరులో ఉంది. అయితే ఇక్కడ టవర్ కోసం కదపలేదు, నీళ్లు నిజంగానే వస్తున్నాయి. కదపకపోతే అదీ ఉండేది కాదు. అందుకే తరలింపు అంటేనే తప్పు అని నేను అనను.

నా బాధ ఇంకోటి. గుళ్లకి నంబర్లు వేశారు. ఇళ్లకి ఎవరు వేశారు?

మా అవ్వ పుట్టిన ఊరు, మెట్టిన ఊరు రెండూ శ్రీశైలం నీళ్ల కింద ఉన్నాయి. 1981 ఎండాకాలంలో ఊరు ఖాళీ చేశారు. "నీళ్లొస్తాయి అంటానే ఉన్నారు, రావులే అనుకున్యాం" అంటుంది అవ్వ. చివరికి జనమే తమ ఇళ్లు తాము విప్పుకున్నారు. దూలాలు, తలుపులు, బండలు, ఏది పనికొస్తే అది బండ్లకెత్తారు. మావాళ్లు ద్వారబంధం తెచ్చుకున్నారు. ఇప్పటికీ మా ఊళ్లో ఇంటికి అదే. టేకుది, పైన చెక్కిన పువ్వులు, పసుపు పూసీ పూసీ నున్నగైన గడప. కొత్త ఇల్లు సిమెంట్‌ది, ఎత్తు ఎక్కువ. పాత ద్వారబంధం పొట్టిది. అందుకే దాని పైన మూడు వరసలు ఇటుక కట్టి సరిపెట్టారు. ఆరడుగుల మా నాన్న ఇప్పటికీ తల వంచుకునే లోపలికి వస్తాడు.

అదీ మా మర్రే హౌస్. ఒకే ఒక్క పార్టు.

మిగతా ఇల్లు ఎలా ఉండేదని అడిగితే అవ్వ చెప్పే మాటలు నాకు సగం తెలియవు. ఇంగ్లిష్ మీడియంలో హౌస్ బొమ్మ అంటే త్రికోణం కప్పు, చిమ్నీ. నేనూ అదే గీశాను, మా ఇళ్లల్లో ఎవరికీ చిమ్నీ లేకపోయినా. అవ్వ మాటల్లో ఉన్నది మట్టి మిద్దె. వెలుతురు కోసం మిద్దెలో వదిలే కంత గవాక్షి. వాన వస్తే దాని మీద బండ మూసేవాళ్లు. దీపం పెట్టుకోవడానికి గోడలో గూడు. సాయంత్రం కూర్చోడానికి అరుగు. దూలం వేరు, దంతె వేరు, నాకు రెండూ కర్రలే. మునిగిపోయింది ఇల్లు ఒక్కటే కాదు, ఇంట్లో భాగాల పేర్లు కూడా అవ్వతో పాటు వెళ్లిపోయేలా ఉన్నాయి. మన క్లబ్ తెలుగు సాహిత్యం క్లబ్ కదా, కనీసం ఈ నష్టం మన డిపార్ట్‌మెంట్‌లోకి వస్తుంది.

ఇది పాత కథ అని వదిలెయ్యడానికి కూడా లేదు. పోలవరం ముంపు ఇప్పుడు జరుగుతోంది. దేవీపట్నం వైపు ఊళ్లు కొన్ని ఇప్పటికే ఖాళీ అయ్యాయి. కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో ఇంకా మనుషులున్న గోదావరి ఒడ్డు ఇళ్లున్నాయి. వాటిలో చాలా ఇళ్లు కోయలవి, కొండరెడ్లవి. వెదురు, మట్టి, గడ్డి. విప్పి నంబర్లు వెయ్యడానికి అక్కడ రాళ్లే లేవు. మర్రే హౌస్ పద్ధతి అక్కడ పనికిరాదు. ఆ ఇళ్లని కాపాడే దారి ఒక్కటే, ఉన్నప్పుడే రాసి పెట్టడం. అక్కడి మనుషులకి పరిహారం, భూమి, మంచి కాలనీ ముందు రావాలి, అందులో రెండో మాట లేదు. ఇల్లు పోయినవాడి ముందు కెమెరా పట్టుకుని నిలబడి "హెరిటేజ్" అనడం సిగ్గుచేటు. అడిగి, వాళ్లు సరే అంటేనే, వాళ్ల మాటల్లోనే రాయాలి. ఒక కాపీ వాళ్లకే ఇవ్వాలి.

మనం చెయ్యగలిగింది ఏమైనా ఉందా అంటే, ఉంది. హాంకాంగ్‌లో రాళ్లకి లేబుళ్లు వేసిన కాలంలో వాళ్ల దగ్గర కాగితం, రంగు డబ్బా ఉండి ఉంటాయి. మన జేబులో ఫోన్ ఉంది. ఒక ఇంటి చుట్టూ తిరుగుతూ ఒకదాని మీద ఒకటి పడేలా వంద ఫొటోలు తీస్తే త్రీడీ మోడల్ తయారుచేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. లొకేషన్ ఫోనే రాస్తుంది. టేపు పట్టుకుని కొలిచే పని సివిల్ వాళ్లకి నేర్పక్కర్లేదు. మా బ్రాంచ్ వాళ్లం డేటాబేస్ చేస్తాం. అన్నిటికంటే కష్టమైన పని క్లబ్‌ది: ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, ఒక్కో భాగం చూపించి, "దీన్ని మీరేమంటారు?" అని అడిగి, వాళ్లు పలికినట్టే రికార్డ్ చెయ్యడం.

ముంపు ఊరి నుంచే మొదలుపెట్టాలని లేదు. మీ తాతల ఇల్లు రోడ్డు వెడల్పులో పోతుండొచ్చు. అన్నదమ్ముల పంపకాల్లో పోతుండొచ్చు. ఒక్కొక్కరం ఒక్క ఇల్లు తీసుకుంటే చాలు. ఒక ఫారం తయారు చేశాను. అందులో ఎనిమిది గడులే ఉన్నాయి: ఇల్లు ఎక్కడుంది, ఏం కనిపిస్తుంది దాని గుమ్మంలోంచి, ఎవరు కట్టారు, దేనితో కట్టారు, ఏ భాగాన్ని ఏమంటారు, ఇందులో ఏం జరిగింది, ఎందుకు పోతోంది, పోయాక ఏం మిగులుతుంది. క్లబ్ గ్రూపులో పెడతాను. మొదటి ఎంట్రీ మా అవ్వది. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, టేకు, పాత చోటు నీళ్ల కింద. రెండో గడి ఇంకా ఖాళీగా ఉంది. ఆ గుమ్మంలోంచి అప్పట్లో ఏం కనిపించేదో ఈ సెలవుల్లో వెళ్లి అడగాలి.